తోటకూర వేళ్ళకంటిన మట్టి

మా ఇంట్లో ఆకుకూర కడగడం ఒక పెద్ద పని. గోల్‌మురి బజారు మూలన కూర్చునే ముసలమ్మ దగ్గర మా ఆవిడ ఇరవై ఏళ్ళకు పైగా ఎర్ర తోటకూర కొంది. వేళ్ళతో సహా పీకి, ఎండుగడ్డి పరకతో కట్టిన కట్టలవి. బేసిన్లో ముంచి మూడుసార్లు నీళ్ళు మార్చినా అడుగున నల్లటి మట్టి చేరేది. "ఓలమ్మో, నాను కూర కొన్నానా, పొలం కొన్నానా?" అని గొణుగుతూనే మా ఆవిడ ఆ నీళ్ళు పారబొయ్యకుండా పెరట్లో కరివేపాకు మొక్క ఉన్న డబ్బాలో పోసేది. ఆ మొక్కకి మేం వేరే ఎరువంటూ ఎప్పుడూ వెయ్యలేదు. సీతారాండేరాలో మా వీధి వీధంతా దాని ఆకు కోసుకునేవారు.

ఈ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఎర్రటి గరప నేల. అలాంటి చోట అంత నల్లటి మట్టి ఆ ముసలమ్మకి ఎక్కడ దొరికిందని నేను ఒక్కసారైనా అడగలేదు. కూర బాగుందా లేదా, అంతే నాక్కావలసింది.

నా సంగతి కూడా చెప్పాలి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి, ఈ హిందీవాళ్ళ ఉక్కు ఊరికి, పనికొచ్చాడు. నేను పుట్టిందీ పెరిగిందీ రిటైరైందీ ఇక్కడే. ఉక్కు కర్మాగారంలో టెస్ట్ హౌస్ ఉద్యోగం. కరిగిన ఉక్కులోంచి తీసిన చిన్న బిళ్ళ నా దగ్గరికొచ్చేది. దాన్ని చిన్న కొలిమిలో ఆక్సిజన్ పెట్టి కాల్చి, అందులో కార్బన్ ఎంతుందో నిమిషాల్లో చెప్పాలి. ఫోన్లో అవతలి నుంచి ఎప్పుడూ ఒకటే ప్రశ్న, "కార్బన్ దిగిందా?" అని. దిగకపోతే కరిగిన ఉక్కులోకి ఇంకా ఆక్సిజన్ ఊదేవారు, కార్బన్ మండి గాలిలో కలిసిపోయేది. దిగిందని చెబితే అవతల అందరికీ ప్రాణం లేచొచ్చేది. ముప్ఫై ఏళ్ళకు పైగా నా నోటి నుంచి వచ్చిన శుభవార్త అదొక్కటే.

ఇంకోటి హౌస్‌కీపింగ్. ఇల్లు ఊడవడం కాదు, మా కర్మాగారం షాపుల్లో అదొక దీక్ష. నేల మీద గుడ్డపీలిక ఉండకూడదు, నూనె చుక్క ఉండకూడదు, పుల్లముక్క కనపడకూడదు. ఓ ఏడాది మా సెక్షన్‌కి దాని మీద ప్రైజు కూడా వచ్చింది. గోడ గడియారం. ఇప్పటికీ మా ముందుగదిలో తప్పు టైము చూపిస్తూ వేలాడుతోంది.

నేను రిటైరైన ఏడాది వానల్లో ముసలమ్మ బజారులోనే జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మొగుడు ఎప్పుడో పోయాడు, ఉన్నది ఒక్క కూతురు, అదీ చాకులియా వైపు ఏదో పల్లెలో. కూతురొచ్చి తీసుకెళ్తానంది. వెళ్ళేముందు ముసలమ్మ మమ్మల్నిద్దర్నీ రమ్మని కబురు పెట్టింది. సువర్ణరేఖ నది దాటి వెళ్ళాం. మట్టిగోడల ఇల్లు, దాని వెనకే ఓ అర ఎకరం కూడా లేని చేను. ఇంటిని ఆనుకుని ఉండే అలాంటి చేనుని వాళ్ళు బారీ అంటారు. నులకమంచం మీద పడుకునే నాతో హిందీలో చెప్పింది.

"నడవడం రాగానే వచ్చేస్తాను బాబూ. అల్లుడింట్లో చచ్చేదాన్ని కాను. ఈ బారీయే నా కూడు, నాకింకేం లేదు. బీడు పెట్టకు. పండింది నువ్వే తిను. మట్టిని మాత్రం చూసుకో."

"ఫికర్ మత్ కరో మౌసీ" అన్నాను, దిగులు పెట్టుకోకు పిన్నీ అని. చేతిలో చెయ్యేసి మరీ అన్నాను.

ఆవిడ వెళ్ళిన మర్నాడే స్కూటరేసుకుని వెళ్ళి చేను చూశాను. చూస్తే ఒళ్ళు మండిపోయింది. ఇదేం చేను, పాత సామాన్ల గోదాములా ఉంది! చిక్కుడు కోత అయిపోయినా తీగలు అక్కడే కుళ్ళుతున్నాయి. తోటకూర మధ్య గుమ్మడి పాకుతోంది. గట్ల మీద కంది పొదలు. ఎక్కడ చూసినా విప్పాకు, సాలాకు పరిచి ఉంది, నేలన్నది కంటికి కనపడితే ఒట్టు. ఓ మూల నడుమెత్తు కుప్ప. పేడ, బూడిద, మేకల కొట్టం ఊడ్చిన కసవు, ఎన్నేళ్ళదో. దున్నిన జాడే లేదు. చిన్న గుంతలు గిల్లి విత్తనం వేసేదట ఆవిడ.

పాపం ముసలిది, ఓపిక లేక ఇలా పెట్టుకుంది అనుకున్నాను. మట్టిని చూసుకోమంది కదా, చూపిస్తాను చూసుకోవడమంటే ఏమిటో అని చొక్కా చేతులు మడిచాను. నా బుద్ధి గడ్డి తిన్నది ఆ రోజే.

పది రోజులు పట్టింది. తీగలు లాగేశాను, కందిపొదలు నరికించాను, ఆకంతా ఊడ్పించి ఆ కుప్ప మీదే వేసి అంటించాను. మంట రాలేదు. మూడు రోజులు లోలోపలే రాజుకుంటూ పొగలు కక్కింది. తరవాత ట్రాక్టర్ పిలిచి అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి, మట్టి పిండి కావాలని మూడోసారి దున్నించాను. పుల్లముక్క లేకుండా, తాడు పట్టి గీసినట్టు గట్లు. దానికి ప్రైజిచ్చేవాళ్ళు లేరే అని చింతపడ్డాను కూడా.

మా ఆవిడ నాలుగో రోజున వచ్చింది. తను నాకు మేనమామ కూతురు, ఇప్పటికీ బావా అనే పిలుస్తుంది. పొగ వస్తున్న కుప్ప చూసి గట్టు మీదే నిలబడిపోయింది.

"బావా, అదేటి? మౌసీ కుప్ప తగలెట్టీసినావా?"

"చెత్త. పాములుంటాయి."

"సెత్తేటి, నీ తలకాయి! మా అమ్మమ్మ పిల్లనిచ్చీ ముందల ఆ ఇంటి పెంటకుప్ప ఎంతుందో సూసి రండర్రా అనీది. మౌసీ వచ్చి అడిగితే ఏటి సెప్తావు?"

"టెస్ట్ హౌస్‌లో ముప్ఫై ఏళ్ళు చేసినవాణ్ణి. కూరలు తరుక్కునేదానివి, నాకు నేర్పొచ్చావా?" అన్నాను.

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గే. తను గట్టు దిగకుండానే వెనుదిరిగి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

మొదటి ఏడాది నేను మీసం మెలేశాను. యూరియా, డీఏపీ వేసి చేనంతా ఒకే పంట, కాలీఫ్లవర్ పెట్టాను. అబ్బో, ఒక్కో పువ్వు తలకాయంత! భాలుబాసాలో ఉన్న మా వాళ్ళందరికీ స్కూటర్ మీద తిరిగి పంచాను. "సూసినావా నీ మౌసీ బారీ ఎలగ పండిందో" అని మా ఆవిణ్ణి ఆవిడ యాసలోనే ఎగతాళి చేశాను. ముసలమ్మ ఎన్నో ఏళ్ళుగా దాచిపెట్టింది ఒక్క పంటకి ఖర్చు రాసేస్తున్నానని అప్పుడు నాకేం తెలుసు!

రెండో ఏడు పువ్వులు పిడికిలంత. ఎరువు చాలలేదనుకుని రెట్టింపు వేశాను. పంట తీసేశాక వేసవంతా చేను బోడిగా, శుభ్రంగా ఎండకి పడుంది. అదీ నాకు ముచ్చటగానే కనిపించింది. మూడో ఏడు తొలి వానకి మా ఆవిడా నేనూ అక్కడే ఉన్నాం. పై మట్టి పెచ్చు కట్టేసింది. నీళ్ళు లోపలికి ఇంకడం లేదు. నున్నటి నేల మీద జారినట్టు జారి, పల్లం వైపు కాలవలోకి పరుగెత్తాయి. ఆ నీళ్ళతో పాటే పైపొర. వాన వెలిశాక చూస్తే చేనంతా ఎర్రటి గరప తేలి ఉంది, చుట్టుపక్కల బంజర్లలాగే.

మా ఆవిడ పార తీసుకుని రెండు మూడు చోట్ల తవ్వింది. "ఒక్క వానపామైనా లేదు బావా" అంది. నన్ను చూడకుండానే అంది.

అప్పుడు పట్టుకెళ్ళాను మట్టి, సంచిలో కట్టి, సర్కారువాళ్ళ మట్టి పరీక్షల చోటికి. వారం తరవాత కాగితం ఇచ్చారు. అన్నిటికన్నా పైన ఎర్రసిరాతో గుండ్రంగా చుట్టింది ఒకటే, సేంద్రియ కర్బనం. బాగా పడిపోయిందన్నారు. అక్కడి ఆఫీసరమ్మాయి, నా కూతురి వయసు ఉంటుంది, ఓపిగ్గా చెప్పింది. మట్టిని నల్లగా ఉంచేది అదేనట. నీళ్ళు పట్టి ఉంచేదీ, వానపాములు తినేదీ, వేరుకి కూడు పెట్టేదీ అదేనట. ఆకూ పేడా కుళ్ళి కుళ్ళి ఏళ్ళకేళ్ళు చేరుతుందట. కాలిస్తే ఎలాగూ పోతుంది, కానీ అదే పనిగా దున్ని మట్టిని గాలికి తెరిచినా, కప్పు లేకుండా ఎండకి వదిలినా సరే, లోలోపలే మండినట్టు హరించుకుపోతుందట.

నాకు తల కొట్టేసినట్టయింది. ఈ పాఠం నాకొకరు చెప్పాలా? గాలి తగిలిస్తే కార్బన్ పోతుందని నాకు కాక ఎవరికి తెలుసు? జీవితమంతా కార్బన్ దిగిందా, దిగిందా అని అడిగించుకుని, దిగింది అని మురిసినవాణ్ణి. ఆ ముసలమ్మ చేనుని కూడా కొలిమి చేసి దింపేశాను. ఈసారి ఫోన్ చేసి అడిగినవాళ్ళు కూడా లేరు.

"మళ్ళీ ఎక్కడానికి ఎన్నాళ్ళమ్మా?" అన్నాను.

"పోగొట్టడానికి రెండేళ్ళు చాలు అంకుల్. తేవడమంటే, కష్టపడితే పదేళ్ళు, పదిహేనేళ్ళు. అంతకన్నా ఎక్కువే అనుకోండి" అంది.

ఆ చలికాలమే ముసలమ్మ తిరిగొచ్చింది. చేతికర్ర ఊతంతో, ఒక వైపు ఒరిగి నడుస్తూ. మూడో ఏట సొంత గడప తొక్కిన సంతోషంలో మూట కూడా దించకుండా ఇంటి వెనక్కి నడిచింది. నేనూ మా ఆవిడా ముందే వెళ్ళి ఉన్నాం. ఏం చెప్పాలో రాత్రంతా కూడబలుక్కున్నాను.

ఆవిడకి చెప్పుల్లేవు. గట్టు దిగి నాలుగు అడుగులు వేసి ఆగింది. బొటనవేలితో నేలని పొడిచింది. దిగలేదు. కర్ర కొనతో గీకింది. కష్టపడి వంగి ఓ పెళ్ళ తీసి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసింది. తరవాత కుప్ప ఉండే మూలకేసి చూసింది. అక్కడ నేను వేయించిన గట్టు, తిన్నగా.

"బాబూ, నా మట్టేదీ?" అంది.

కోపంగా అని ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణి. చేన్లో నిలబడి, ఏదో వస్తువు పెట్టిన చోట కనపడకపోతే అడిగినట్టు అడిగింది. మా ఆవిడ ముందుకొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని, వచ్చీరాని హిందీలో ఉన్నదున్నట్టు చెప్పింది. కాల్చింది, దున్నింది, కొట్టుకుపోయింది, అన్నీ. నేను అనాల్సిన మాటలవి.

"ఎన్నాళ్ళు పడుతుందట?" అని నన్నడిగింది ముసలమ్మ.

వెనక ఎవరు కార్బన్ లెక్క అడిగినా నిమిషాల్లో చెప్పేవాణ్ణి. ఈవిడకి చెప్పడానికి చాలాసేపు పట్టింది. "పదేళ్ళు. పదిహేను" అన్నాను.

ఆవిడ నవ్వింది. పళ్ళు లేని నవ్వు. "అంతకాలం నేనుండను కదా బాబూ" అంది. పెళ్ళని పారెయ్యలేదు. దొరికిన చోటే మళ్ళీ మెల్లిగా పెట్టి, మా ఆవిడ చెయ్యి ఊతంగా లేచింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే వెళ్తాను. మా వీధిలో ఊడ్చిన ఆకు, గేదెలు కట్టే ఖటాల్ నుంచి పేడ, బజారులో పారేసిన కూర తుక్కు, ఏది దొరికితే అది గోనెల్లో కట్టి స్కూటర్ మీద పట్టుకుపోతాను. వంతెన మీద నన్నెరిగిన పాతవాళ్ళు చూసి నవ్వుతారు, నవ్వనీ. కాలిన చోటే మళ్ళీ కుప్ప వేశాను. గట్ల మీద కంది నాటాను. నేల కనపడకుండా ఆకు పరిచాను. ముసలమ్మ వసారాలో కూర్చుని ఎక్కడ పల్చగా ఉందో కర్రతో చూపిస్తుంది. ఇన్నాళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను తినేస్తోంది. కుప్ప మోకాలెత్తుకి కూడా రాలేదు ఇంకా.

కూడు కావాలి కదా, ఆవిడ మళ్ళీ గోల్‌మురి బజారుకొచ్చి అదే మూలన కూర్చుంటోంది. కూర మాత్రం తనది కాదు. తెల్లారి టోకు మండీలో కొనుక్కొచ్చి చిల్లరగా అమ్ముతుంది. మా ఆవిడ మానకుండా కొంటోంది. మొన్న తెచ్చిన తోటకూర కట్ట చూశాను. వేళ్ళు కోసేసి ఉన్నాయి, గడ్డిపరక బదులు రబ్బరు బ్యాండు. ఎప్పటిలాగే మా ఆవిడ బేసిన్లో ముంచి కడిగి, కూర తీసి జల్లెడలో వేసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి, బేసిన్ అడుగున సొట్ట కూడా కనపడుతోంది.

"బావా, ఇలగొచ్చి సూడు" అంది.

చూశాను. అలవాటు కొద్దీ బేసిన్ ఎత్తుకుని కరివేపాకు డబ్బా దాకా నడిచింది. అక్కడ బేసిన్ అడుగుకేసి మళ్ళీ ఒకసారి చూసి, వెనక్కి తిరిగొచ్చి ఆ నీళ్ళు కాలవలో పారబోసింది.