పై అరలో పెట్టిన ముక్క

2022 వేసవి. మంగళగిరి దగ్గర ఒక వైద్య కళాశాలలో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ విభాగంలో టెక్నీషియన్‌గా నాకది తొమ్మిదో ఏడు. మామూలు మైక్రోస్కోప్ కణాన్ని చూపిస్తే, మాది ఆ కణం లోపలి పొరలను చూపిస్తుంది. కొన్ని కిడ్నీ జబ్బులకు పేరు తేలాలంటే ఆ పొరలే చూడాలి. సూదితో తీసిన బియ్యపు నూకంత ముక్కను మందునీళ్లలో నిలవ ఉంచి, రెసిన్‌లో గట్టిపరిచి, వజ్రపు కత్తితో వెంట్రుక మందంలో వెయ్యోవంతు పలచగా కోస్తాం. ఇంత సున్నితమైన పని చేసే నాకు నోటి విషయంలో మాత్రం ఆ జాగ్రత్త లేకపోయింది.

ఒక శనివారం మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోన్ వచ్చింది. దానియేలు అని, నల్లపాడు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోసే మనిషి. భార్య రూతమ్మకు గుంటూరులో బయాప్సీ చేసి, ముక్క వేసిన సీసా అతని చేతికిచ్చి మా దగ్గరికి పంపారు. ఒళ్లు వాచిపోయి ఆమె మిరపకోతలకు వెళ్లడం మానేసి రెండు నెలలట. జబ్బేదో తేలితేనే సరైన మందు మొదలుపెట్టగలమని డాక్టర్లు చెప్పారు.

"ఇయ్యాల మీది మూసేస్తారంట గదండీ. సోమవారం తెస్తాను మేడమ్. అందాకా ఎట్టా ఉంచమంటారు?"

"చల్లగా ఉంచండి," అని పెట్టేశాను. కూర చల్లారిపోతోందని నా తొందర నాది.

సోమవారం పొద్దున్నే వచ్చాడు. సీసాలో నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి.

"మా పాస్టరు గారింట్లో ఫ్రిజ్ ఉందండి. అమ్మగారు కింద అరలో పెట్టబోతే నేనే ఒప్పుకోలా, పైన ఐసు అరలో పెట్టించా. మా స్టోరేజీలో చలి తగ్గితే కాయ రంగు పోద్ది గదండీ," అన్నాడు సంతోషంగా.

గడ్డకడితే కణంలోని నీరు మంచు సూదులై పొరలన్నిటినీ చీల్చేస్తుంది. నేను నోరు పారేసుకున్నాను.

"ఐసు చేయమని ఎవరు చెప్పారండీ?"

"మీరేగదండీ, చల్లగా ఉంచమంది."

తప్పుపట్టి అన్న మాట కాదు, గుర్తుచేశాడంతే. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా సీసా తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఆశ చావక ముక్కను కోసి చూశాను. తెర నిండా చిల్లులే. "నమూనా పాడైంది, మళ్లీ తీయాలి" అని రిపోర్టు రాశాను. ఎందుకు పాడైందో రాయలేదు.

రెండోసారి సూది అనేసరికి రూతమ్మ భయపడి ససేమిరా అంది. నాలుగు నెలలకు దానియేలు ఒక్కడే వచ్చాడు. కిడ్నీలు కుంచించుకుపోయాయట, ఇక ముక్క తీయకూడదన్నారట. వారానికి మూడుసార్లు డయాలసిస్.

"ఆ పాత ముక్కలోనే ఇంకేమన్నా కనపడుద్దేమో, ఒక్కసారి చూస్తారా మేడమ్? నా తెలివితక్కువ పనికి మా ఇంటిది నన్నొక్క మాటన్నా అనటంలా. అదే తట్టుకోలేకపోతన్నా."

మళ్లీ కోశాను. మళ్లీ చిల్లులే. "ఏం లేదండీ," అని మాత్రం చెప్పాను. తప్పు మీది కాదు, నాది అని చెప్పాల్సింది, చెప్పలేదు. ఉద్యోగం గుర్తొచ్చింది మరి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ ఫ్రిజ్ కింద అరలో, గడ్డకట్టకుండా అని విడమరిచి చెబుతాను, తిరిగి వాళ్ల చేత చెప్పించుకుంటాను. ఆ తర్వాత మా దగ్గరికి గడ్డకట్టిన సీసా ఒక్కటీ రాలేదు. ఆ ఇంట్లో మాత్రం తప్పు ఇప్పటికీ దానియేలుదే.