కంచె వెయ్యని దారి

పోయిన శుక్రవారం చర్చిలో ప్రార్థన ముగిశాక, దోహాలో మేముండే ముఐథర్‌లో మా పై వాటాలో ఉండే అమ్మాయి టీకి వచ్చి, ఫోన్‌లో పొలాల వీడియోలు వరసగా చూపించింది. కృష్ణా జిల్లా పిల్ల. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు, అప్పుడే మొగుడూ పెళ్ళాలిద్దరూ ఉద్యోగాలు మానేసి, ఏదో ఒక పల్లెలో నాలుగెకరాలు కొనుక్కుని, గుమ్మంలో ఆవుని కట్టుకుని బతుకుదామని కలలు కంటున్నారు. "మీరు మెట్టలో కొన్నారటగా ఆంటీ, ఊరు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. నోటిదాకా వచ్చింది మింగేసి, "ముందు నీళ్ళు చూసుకోవాలమ్మా" అన్నాను. అదేమీ అబద్ధం కాదు. ఆ పిల్ల బుద్ధిగా తలూపి వెళ్ళిపోయింది గానీ, నాకు మాత్రం రాత్రి వంట పూర్తయ్యేదాకా మనసు మనసులో లేదు.

మాది గోదావరిలో ఒక లంక. మాది అనడం కూడా నోటి అలవాటే. నేను నర్సుగా, మావారు డ్రాఫ్ట్స్‌మన్‌గా ఇక్కడికి వచ్చాక, వరద వచ్చినప్పుడల్లా గట్టు కోసుకుపోయి, ముందు కొబ్బరితోటలు, తర్వాత ఇళ్ళు, చివరికి సమాధుల తోట కూడా ఏట్లో కలిసిపోయాయి. మా అమ్మ అందులోనే ఉండేది. ఈస్టర్ దగ్గర పడుతుంటే దోహాలో మనవాళ్ళంతా ఊళ్ళకి ఫోన్లు చేసి, తమవాళ్ళ సమాధులకి సున్నం కొట్టించమని పురమాయిస్తారు. ఆ మాటలు మొదలైతే చాలు, నేను ఏదో పని కల్పించుకుని వంటింట్లో దూరేదాన్ని. ఈ దేశంలో ఉద్యోగం ఉన్నంతకాలమే మనకి నీడ. మావారికి ఆ నీడ ఇంకెంతోకాలం ఉండదని కంపెనీవాళ్ళు చెప్పేశారు. ఇక్కడినుంచి లేస్తే ఎక్కడ వాలాలో, ప్రాణం పోతే ఎక్కడ పడుకోబెడతారో, రెండూ మాకు తెలియవు.

మావారు గీతలు గీసే మనిషి కనుక దిగులు కూడా స్కేలు పెట్టే పడతారు. ఫ్రిజ్ తలుపుకి జిల్లా పటం అంటించి మండలాలకి మార్కులు వేయడం మొదలుపెట్టారు. బోరు ఎంత లోతులో పడుతుంది, ఆసుపత్రి ఎంత దూరం, వానాకాలంలో రోడ్డు ఉంటుందా, కోతుల బెడద ఉందా, అన్నిటికీ మార్కులే. లుసైల్‌లో డ్యూటీ దిగి వచ్చి, బట్టలైనా మార్చకుండా పటం ముందు నిలబడిపోయేవారు. "పిల్లకి సంబంధం చూసేవాళ్ళు కూడా ఇన్ని వంకలు పెట్టరు" అని దెప్పేదాన్ని. పైగా సేద్యంలో చెయ్యి తిరగాలని శుక్రవారం సాయంత్రాలు అల్ షహానియా వెళ్ళి, ఒంటెల కొట్టంలో పనిచేసే కరీంనగర్ అతను పెంచుకునే గోంగూర మడిలో కలుపు తీసేవారు. అతను ఒకటే నవ్వు. "ఏంది సార్, ఈ ఉసికెల నేర్సి ఆడ ఎవుసం జేస్తరా? మాఫీ ఫాయిదా, ఏం లాభం లేదు!" అనేవాడట. అయినా సంచీ నిండా గోంగూర పెట్టి పంపేవాడు, మహానుభావుడు.

చివరికి మెట్టలో ఒక మండలానికి ఫస్టు మార్కులొచ్చాయి. సెలవు పెట్టి వెళ్ళి చూశాం. ఎర్రనేల, పక్కన జీడితోపు, చేతిపంపులో తియ్యటి నీళ్ళు. మావారు మట్టి చేతిలోకి తీసుకుని నలిపి, వాసన చూసి, పండక్కి కొత్తబట్టలు వచ్చినట్టు పొంగిపోయారు. లోపం ఒక్కటే. చేనుకి అడ్డంగా గట్టు మీదుగా ఒక కాలిదారి పోతుంది. గుట్ట వెనక సమాధుల తోట ఉంది. ఊళ్ళో మనవాళ్ళు పోయినవాళ్ళని మోసుకెళ్ళే దారి అదొక్కటే. అది చూసే ఆ చేను ఎవరూ కొనడం లేదట. మధ్యవర్తి తేలిగ్గా తీసిపారేశాడు. "దాని గురించి బెంగెట్టుకోకండి సార్. రిజిస్ట్రేషన్ అవ్వగానే నాలుగు స్తంభాలు పాతి ముళ్ళతీగ లాగేయండి. కాగితాల్లో దారనేదే లేదు. నాలుగు రోజులు గోల చేసి వాళ్ళే ఊరుకుంటారు." నేను మావారి మీద విరుచుకుపడ్డాను. "రేపు ఇక్కడ ఇల్లు కట్టుకుని, వంటింట్లోంచి శవాల్ని చూస్తూ పప్పు రుబ్బుకోమంటారా? తీగైనా లాగండి, చేనైనా వదిలేయండి" అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ పూట నా నోరు మంచిది కాదు.

ఆ మాట అని ఎంతోసేపు కాలేదు, ఊరి వైపునుంచి పాట వినిపించింది. ఎవరో పెద్దాయన పోయాడట. పెట్టె మోస్తున్నవాళ్ళు, వెనక ఆడవాళ్ళు, మొక్కజొన్న తొక్కకుండా ఒకరి వెనక ఒకరు గట్టు మీదే వస్తున్నారు. సరిగ్గా మా ముందుకి వచ్చేసరికి, మోస్తున్నవాళ్ళలో తలగుడ్డ చుట్టుకున్న ఒకాయన కాలు జారింది. పెట్టె ఒరిగింది. మావారు ఒక్క అంగలో వెళ్ళి భుజం పెట్టేశారు. "వదలకండి బాబూ, అలాగే పట్టండి, దగ్గరే" అన్నారెవరో. ఇక ఆయన ఎక్కడ వదులుతారు? చివరిదాకా మోశారు. ఆయన వెనక నేనూ నడిచాను.

భూస్థాపన ప్రార్థన అయ్యాక అందరూ గుంటలో తలా పిడికెడు మన్ను వేస్తున్నారు. ఒక మామ్మ నా చేతిలో కూడా మట్టి పెట్టింది. "నేను ఈ ఊరిదాన్ని కాదు మామ్మా" అన్నాను. "అయితే ఏటి? మట్టేసినోళ్ళు పరాయోళ్ళవుతారేటి? వెయ్యి తల్లీ" అంది. వేశాను. వేసి అక్కడే కూలబడి ఏడ్చాను. పోయినాయన ముఖమైనా ఎరగను. మా అమ్మ కోసం ఏడ్చాను. ఏరు ఆవిణ్ణి తీసుకుపోయిన ఇన్నేళ్ళకి, కూర్చుని ఏడవడానికి నాకొక చోటు దొరికింది. మామ్మ నా వీపు నిమురుతూ నిలబడింది.

తిరిగి వస్తుంటే ఆ తలగుడ్డ ఆయన కుంటుకుంటూ వచ్చి మావారిని పలకరించాడు. "సమయానికి దేవుడిలా వచ్చారు. ఎవరి తాలూకండీ తమరు?"

"ఈ చేను చూడ్డానికి వచ్చామండి."

ఆయన ముఖం వాడిపోయింది. దారిని చూశాడు, మా ఇద్దరినీ చూశాడు. "కొనుక్కోండి బాబూ, మంచి నేల. దారి మాత్రం..." అని ఆగిపోయి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. మేమిద్దరం సెలవు తీసుకుని వచ్చేశాం.

ముఐథర్ వచ్చిన మర్నాడు మావారు మధ్యవర్తికి ఫోన్ చేశారు. ఆ దారి ఊరివాళ్ళకి ఎప్పటికీ ఉండేట్టు దస్తావేజులోనే రాయిస్తే కొంటామన్నారు. "పిచ్చా సార్ మీకు? రేపు అమ్ముకోవాలంటే ఎవడు కొంటాడు?" అని అవతల అరుపు. "అమ్ముకోవడానికి కొనట్లేదండీ" అని పెట్టేశారు. పెట్టేసి నా వంక చూశారు, నేను ఏమంటానో అని. "ముందు ఆయనకి చెప్పండి, ఆ తలగుడ్డాయనకి. పాపం, నిద్ర పట్టి ఉండదు" అన్నాను.

దారి సంగతి రాయించే చేను రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. వచ్చే నెల మావారు అక్కడికి వెళ్ళిపోతున్నారు. నాకు ఇంకొంతకాలం డ్యూటీ ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో విడిగా ఉండటం ఇదే మొదలు, బెంగగానే ఉంది, దాచుకోవడం ఎందుకు. పై వాటా అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. ఆ వయసుకి ఆవూ, బోరూ చాలు. మా ఇద్దరిలో ఎవరు ముందు పోతామో, అది ఎప్పుడో దేవుడికే తెలియాలి. కానీ ఎక్కడ పడుకోబెడతారన్నది తేలిపోయాక, ఆ ఎప్పుడు అంటే నాకు మునుపటంత భయం లేదు.