అంచులు కోయని ముందుమాట

మొన్న మా మనవరాలు కాలేజీ నుంచి వస్తూనే ఒక అమెరికా నవల నా ఒళ్లో పెట్టి, ఒక కథ పుట్టిన కాలం తెలిస్తే ఒకలాగా, తెలియకపోతే ఇంకోలాగా ఎందుకు అర్థమవుతుందో దీని మీద వ్యాసం రాయాలి, నీకేమైనా తెలుసా జేజీ అని అడిగింది. అట్ట మీది పేరు చూసి కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. నా ఈడువాళ్లలో మిషన్ బళ్లలో చదివినవాళ్లకు ఆ పుస్తకం తెలిసే ఉంటుంది. దాన్ని చదివి నేను చేసిన పని మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఇంకా స్వాతంత్ర్యం రాని కాలం; అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు. కడప జిల్లాలో ఒక మిషన్ బడిలో చదువుకుని, అక్కడే చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే పనిలో చేరాను. ఊరి బయట ఉండే మా పేట నుంచి అంతదాకా చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. బడికి పెద్దగా ఉన్న అమెరికా దొరసాని కఠినురాలే అయినా, నాకు చలిజ్వరం వచ్చినప్పుడు పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మార్చిన మనిషి; అందుకే ఆమెను ద్వేషించడం ఈనాటికీ నాకు చేతకాలేదు. శనివారాలు ఆమె మా చేత ఆ నవల చదివించేది. పత్తి తోటలో బానిసలైన ఇద్దరు నల్ల అన్నదమ్ముల కథ అది. పెద్దవాడు పారిపోతాడు, ఒక ఇంట్లో తలదాచుకుంటాడు, ఆ ఇంటివాళ్లే పట్టిస్తారు. చిన్నవాడు అన్నీ ఓర్చుకుని, యజమాని కోసం ప్రార్థన చేస్తూ ప్రాణం విడుస్తాడు. దొరసాని కళ్లు తుడుచుకుని, చిన్నవాడే మనకు ఆదర్శమనేది. అది ఎప్పుడు రాశారో, అప్పుడు ఆ దేశంలో ఏం జరుగుతోందో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు.

మా ఊరు కుందూ ఏటి పక్కన నల్లరేగడి పల్లె. మా నాయన, ఆయన నాయన ఊరి భూస్వామి ఉండే పెద్దింట్లో, తీరని అప్పు కింద జీతానికి ఉన్నట్టే మా అన్నా ఉన్నాడు. సెలవులకు పోయినప్పుడు, ఆదివారం ఆరాధన అయ్యాక, గుడిసె నీడలో కూర్చుని ఆ కథను మా ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పేదాన్ని. అన్న పలుపు పేనుతూ వినేవాడు. వాళ్లకు కూడేం పెట్టేవాళ్లు, జబ్బు చేస్తే ఎవరు చూసేవాళ్లు అని, నేను దాటేసిన చోటల్లా ఆపి అడిగేవాడు. ఇప్పుడు అక్కడ బానిసలు లేరని, చట్టం చేసి తీసేశారని చెబితే, చేతిలో పని ఆపి నా వైపు చూశాడు.

"సట్టం ఊరికే వస్తాదా పాపా? దానికి ముందర ఆడ ఏం జరిగిండాదో అది సెప్పు."

నాకు తెలియదు. అక్షరం రాని మనిషి నన్ను తప్పు పట్టాడన్న ఉక్రోషంతో, కథకు అదంతా అక్కర్లేదని కసిరాను.

మరుసటి ఏడు పత్తి ఏరే రోజుల్లో, ఎద్దు కుంటిందని పెద్దింటాయన కొడుకు ములుగర్రతో అన్నను కొట్టాడు. చెవి చీలింది. మరునాడు అన్న తలకు గుడ్డ చుట్టుకుని, పొద్దున్నే బయల్దేరి, మధ్యాహ్నానికి బడికి నడిచి వచ్చాడు. కడపలో రైలుకట్ట పనికి మేస్త్రీ మనుషులను తీసుకుంటున్నాడట, మంచివాడని దొరసాని ఒక ఉత్తరం రాసిస్తే చాలట. నేను లోపలికి వెళ్లి అడిగాను. ఆమె తానే బయటికి వచ్చి గాయం కడిగి మందు పూసింది కానీ, ఉత్తరం రాయనంది. మా ఊళ్లో ప్రార్థన గుడికి జాగా ఇచ్చింది ఆ పెద్దింటాయనే. ఒకడు వెళ్లిపోతే మిగిలిన కుటుంబాలన్నీ ఆయన కోపానికి గురవుతాయని ఆమె భయం. ఆ కథలో చిన్నవాణ్ని మీ అన్నకు గుర్తు చెయ్యి అని నాతో ఇంగ్లీషులో చెప్పి లోపలికి వెళ్లింది. ఎదురు చెప్పి ఉండవచ్చు. కానీ నా ఉద్యోగం ఆమె నోటి మాట మీద ఉంది. ఓర్చుకోమని, దేవుడు చూస్తున్నాడని, అవన్నీ నా సొంత మాటలైనట్టే అన్నకు చెప్పాను.

అతను అంతా విని, నెమ్మదిగా అడిగాడు.

"ఆ కతలో పెద్దోణ్ని పట్టిచ్చినోళ్లు, వాళ్లూ ప్రార్థన సేసేటోళ్లేనా?"

అవునన్నాను. నేను తెచ్చిన నీళ్లు తాగకుండానే తిరిగి నడిచిపోయాడు.

చెప్పకుండా పోయినందుకు పెద్దింట్లో అతని కాలికి గొలుసు వేసి మూడు దినాలు గొడ్ల కొట్టంలో ఉంచారు. అమ్మ అక్కడికే సంగటి మోసుకుపోయింది. ఆ ఎండాకాలంలో అన్న ఎటో వెళ్లిపోయాడు. ఈసారి నన్ను అడగడానికి రాలేదు. అమ్మ కనబడిన కూలీనల్లా నిలబెట్టి, చెవి చీలిన మనిషిని యాడన్నా చూసినారా అప్పా అని అడిగేది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన ఏడు, అలా అడుగుతూనే కన్నుమూసింది.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడు దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ ఆ పుస్తకాన్ని నాకు కానుకగా ఇచ్చింది. ఇంటికి తెచ్చి మొదటి నుంచి తిప్పితే, అచ్చయినప్పటి మడతలు కోయని పాత పుస్తకాల్లో ఉన్నట్టు ముందుమాట కాగితాల అంచులు ఇంకా అతుక్కునే ఉన్నాయి. ఆమె మా దగ్గర దాచింది ఏమీ లేదు. తనూ ఎన్నడూ చదవలేదు. కూరగాయల కత్తితో కోసి చదివాను. ఆ నవల రాసినప్పుడు, పారిపోయి వచ్చిన బానిసను పట్టి ఇవ్వాలని అక్కడ చట్టం ఉండేదట. మర్యాదస్తులు, భక్తిపరులు దానికి తలొగ్గుతున్నారని, వాళ్లు సిగ్గుపడాలని రాశారట. ఆనాటివాళ్లు చిన్నవాడి ఓర్పుకు కన్నీళ్లు పెట్టి ఊరుకోలేదు. పట్టించిన ఆ ఇంటిని చదివి మండిపడ్డారు. మా అన్న అడిగిందల్లా అందులో ఉంది. ఏ ముందుమాటా లేకుండానే అతనికి తెలిసింది. ఇంగ్లీషు చదివిన నేను మాత్రం, పట్టించిన ఆ ఇంటి మనిషినయ్యాను.

ఇప్పుడు మా పేటలో పిల్లలకు జీతగాడంటే ఎవరో చెబితే గాని తెలియదు. సంతోషించవలసిందే. అయితే ఆ మాటతో పాటు ఆ బతుకు బతికినవాళ్లూ చెరిగిపోయారు. మా అన్నను చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. నాకూ ముఖం సరిగా గుర్తు రాదు. ఎండలో మా ఊరి దారి పట్టి నడిచిపోతున్న ఆ వీపే కనబడుతుంది.