దించని కావడి

షేర్ల బజారు మొత్తంమీద ప్రియంగా ఉందో చవకగా ఉందో తేల్చడం సామాన్యులకు చేతకాదని మొన్న పత్రికలో ఒక పెద్దమనిషి రాశారు. ఎనభై దాటిన ఈ వయసులోనూ అది చదివి ఒళ్లు మండింది.

వెయ్యిన్ని తొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మన్యంలోని డుంబ్రిగుడ సంతకు చింతపండు కావడి మోసుకెళ్లాను. ఇంట్లో ఉప్పుకల్లు లేదు. నా భార్య సోములమ్మ నిండు చూలాలు. కావడి నేలకానితే సరుకు షావుకారుదే, అతనిచ్చిందే ధర. అందుకే మావాళ్లు దించకముందే సంతంతా తిరిగి, ఏ సరుకుకు ఎంత ఉప్పు కొలుస్తున్నారో చూసేవారు. సోములమ్మ చూసొచ్చింది.

“దించకు మావా! మన సింతపండొక్కటే కాదు. పసుపుకీ, సోళ్లకీ, కోడికీ కూడా పోయిన సంతలో ఇచ్చిన ఉప్పులో సగమే ఇత్తన్నారు. సంతంతా నొక్కీసినారు.”

“ఉప్పు లేక సత్తార్రా! బేగి దించు,” అంటూ షావుకారు మనిషి కావడిని పట్టుకుని కిందికి నొక్కాడు. నా మోకాళ్లు వంగిపోయాయి. సోములమ్మ ఆ కడుపుతోనే కావడిబద్ద కింద భుజం పెట్టింది.

“ఏటి బాబూ, మోత్తావేటి? అయితే మా ఊరిదాకా మొయ్యి!”

అందరూ ఘొల్లున నవ్వారు. వాడు చెయ్యి తీశాడు. ఆరోజు ఒక్క కావడీ దిగలేదు. పై వారం సంతకు పాత కొలతే వచ్చింది. ఆ వారమంతా ఉప్పులేని సోళ్లపిండి అంబలే తాగాం.

సంతంతా నొక్కేశారని ఒక్క చుట్టులో తేల్చిన సోములమ్మ ఇప్పుడు లేదు. ఉంటే పత్రికలో ఆ పెద్దమనిషి రాసింది చదివి వినిపించి, ఆమె ఏమన్నదో ఆయనకు రాసి పంపేవాణ్ణి.