శ్యామల గారి మూడో రాజీనామా

శ్యామల గారికి సన్మానమంటే భయం పట్టుకుంది. అంతకుముందు రెండుసార్లు ఆమె ‘అడవి అంచు’ సంపాదకత్వం వదిలేస్తానన్నారు. రెండుసార్లూ శాలువా కప్పి మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెట్టారు. పొమ్మనలేక పొగబెట్టేవాళ్లు ఊరూరా ఉంటారు. కదలనివ్వకుండా శాలువా కప్పే విద్య మాత్రం మన అధ్యాపకుల సంఘానిదే.

‘అడవి అంచు’ మూడు నెలలకోసారి వచ్చే పరిశోధన పత్రిక. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు పోడు సేద్యం మీద, ఇప్పపువ్వు బేరాల మీద, కోయపల్లెల పండుగల మీద రాసినవి అందులో పడేవి. పడేవి అనడం తేలికే. రాసినవాళ్లు ఆధారాలు ఇవ్వరు, చూసి చెప్పమని పంపితే పెద్ద ప్రొఫెసర్లు జవాబివ్వరు. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేదెవరు? పాల్వంచలో చరిత్ర చెప్పే శ్యామల గారు మోశారు. ప్రూఫులు ఖమ్మం బస్సులోనే దిద్దేవారు. ఒకసారి విత్తనాల పండుగ మీద వ్యాసం వస్తే, నిజమో కాదో చూద్దామని ములకలపల్లి అవతలి గూడేనికి పోయి, వానలో తడిసి జ్వరంతో తిరిగొచ్చారు. రాసిన పెద్దమనిషి మాత్రం ఆ పండుగను స్టాఫ్ రూములో కూర్చుని, అటెండరు చెప్తే విని రాశాడట.

2007 వేసవిలో భద్రాచలంలో సంఘం సమావేశం జరిగింది. సంచికల కోసం ఆమె కంటి ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చారు. ఇంకా ఆలస్యం చేస్తే ఎడమకన్ను దక్కదని డాక్టరు కోప్పడ్డాడు. అందుకే ఈసారి ఎలాగైనా దిగిపోవాలి. మాట చెప్పి కూర్చున్నారో లేదో, అధ్యక్షుడు రవీందర్ లేచాడు.

“మేడం ఎప్పుడూ గిట్లనే అంటరు. మీరు లేకుంటే పత్రిక ఏడిది? మేం ఒప్పుకోం!”

హాలంతా చప్పట్లు. పోతానన్న మనిషిని ఒక్క మాటకే పోనిస్తే మన దగ్గర తప్పు. విస్తరి ముందు చాలన్నా ఇంకో గరిటె వేస్తాం కదా, ఇదీ అంతే.

“మర్యాదకు అంటలేను రవీందర్. నా కన్ను పోతున్నది. ఎవరు తీసుకుంటరో చెప్పుండ్రి.”

చప్పట్లు ఆగిపోయాయి. ఒకాయన ఫ్యాను వైపు చూశాడు. ఇంకొకాయన ఇల్లు కడుతున్నానన్నాడు.

“అయితే ఈ సంచికతోనే ఆపేస్తున్న” అన్నారామె. ఆ మాట అనాల్సి వస్తుందనే ఇన్నేళ్లూ వణికారు. అనేశాక కూడా, ‘ఆపకండి, నేను చూస్తా’ అని ఒక్కరైనా అంటారేమోనని చూశారు. కల్లూరు నుంచి వచ్చిన సోమ్లా లేచి నిలబడ్డాడు. కుర్రవాడు, చురుకైనవాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

“మేడం, మరి నా వ్యాసం? దసరాకే ఇచ్చిన. ప్రమోషన్ ఫైల్ల పెట్టాలె.”

“నాది గూడ” అన్నారు వెనక నుంచి ఎవరో.

“అన్నీ వేసిన. చూసుకోండ్రి” అన్నారు శ్యామల గారు. అందరూ కొత్త సంచిక కట్టల మీద పడ్డారు. ఎవరి పేజీ వాళ్లు వెతుక్కున్నారు. ముందుమాటలో ఆమె సెలవు తీసుకుంటూ ఏం రాశారో ఒక్కరూ చూడలేదు.

వ్యానులో కట్టలు తెచ్చిన రహీం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఖమ్మంలో ప్రెస్సు అతనిదే.

“ఆపరేషన్ ఎప్పుడు మేడం?”

“డాక్టరు తారీకు ఇంకా చెప్పలే రహీం భాయ్.”

“జల్దీ చేయించుకోండ్రి. బస్సుల ఏం పోతరు, నా బండి ఖాళీనే. ఇంటి ముందట దింపుత.”

బండి గోదావరి వంతెన దాటాక రహీం మెల్లగా అడిగాడు.

“వచ్చే సంచికకు కాగితం తెచ్చి పెట్టిన మేడం. ఏం జెయ్యాలె?”



“అడ్మిషన్ల కాలం కదా, కాలేజీలోళ్లకు పాంప్లెట్లు కొట్టుకో” అని, కిటికీ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చారు.