దిగి చూసొచ్చిందెవరు?

మా మేనమామ నస్పూర్ దగ్గరి ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో బ్లాస్టింగ్ పని చేసేవాడు. సైరన్ మోగినా, అందరూ వెళ్లిపోయారని పైవాళ్లు చెప్పినా నమ్మేవాడు కాదు. తానే చుట్టూ నడిచి చూసొచ్చాకే పేల్చేవాడు. అలా వెళ్లిన ఒకరోజు మట్టికుప్ప వెనుక మేకల కాపరి నిద్రపోతూ కనిపించాడట.

పోయిన ఏడాది నా కథ ఆయనకు చదివి వినిపించాను. ఆయన బాగుందంటే పత్రికకు పంపాలనుకున్నాను. అందులో ఒక అంతరిక్ష నౌక కక్ష్యలో నిలిచి, కింది గ్రహం మీద బాంబులు కురిపిస్తుంది.

"కింద మనుషులు లేరని ఎవలు చెప్పిన్రు?" అన్నాడు.

"నౌకలో యంత్రం చెప్పింది మామా. అంతా శత్రువుల స్థావరమే."

"గంత మీదికెల్లి పండుకున్నోడు కనవడ్తడా? దిగి చూసొచ్చిందెవలు?"

"కథే కదా మామా."

"కథైతేంది? రాసేటోనివి, నువ్వన్న దిగి చూసినవా అల్లుడా?"

అబద్ధం పట్టుకున్నవాడిలా నా ముఖంలోకి చూశాడు. కథ పంపలేదు.

మొన్న ఆయన దినాలయ్యాక ఆ కథ కాగితాలు తీశాను. నౌకలోంచి ఒక సైనికుణ్ణి కిందికి దింపాను. మొదటి ఇంటి ముందే ఒకామె బియ్యం చెరుగుతోంది. ఆ తర్వాత బాంబులు వేయించడం నా వల్ల కాలేదు.