మిగిలిన మూడు సాకెట్లు

2023 జనవరి. సౌదీలో రాస్ తనూరాకు అరగంట దూరంలో ఒక పాత కాంపౌండ్. కాంపౌండ్ అంటే చుట్టూ ఎత్తయిన గోడ, గేటు దగ్గర సెక్యూరిటీ, లోపల నలభై విల్లాలు. ఎక్కువగా ఆయిల్ పనుల మీద వచ్చిన విదేశీయులు ఉంటారు. నేను అక్కడ ఎలక్ట్రీషియన్ని. పేరు లింబాద్రి, మాది కోరుట్ల దగ్గర. అప్పటికి సౌదీకి వచ్చి తొమ్మిదేళ్లు.

ఆ చలికాలం మాకు పడ్డ పని వోల్టేజీ మార్పిడి. మన ఇళ్లల్లో కరెంటు 230 వోల్టులు, అమెరికాలో దాదాపు అందులో సగం. సౌదీలో పాత ఇళ్ల సాకెట్లకు 127 వచ్చేది. అందుకే అమెరికా వాళ్లు సొంత ఇంటి సామాన్లు పట్టుకొచ్చి, ఇక్కడ హాయిగా వాడుకునేవారు. ఆ పాత ఇళ్లన్నిటినీ 230కి మారుస్తూ వచ్చారు, మా కాంపౌండ్ వంతూ వచ్చింది. ఒక్కో విల్లాలో మెయిన్ ఆపి, చదును పిన్నుల పాత సాకెట్లు పీకేసి, లావు పిన్నుల కొత్త సాకెట్లు బిగించి, ఇల్లు మొత్తాన్ని కొత్త లైనుకు కలపాలి. కొత్త సాకెట్లో అమెరికా ప్లగ్గు దూరదు, అదే రక్షణ. పాత సాకెట్ ఒక్కటి మిగిలిపోయి, దాంట్లో అమెరికా వస్తువు ఉండిపోతే, అది దాదాపు నాలుగింతలు వేడెక్కుతుంది. కాలిపోయేదాకా ఆగదు.

విల్లా పదిహేడులో ఉండేది బాబ్ సార్. అమెరికన్, అరవై దాటిన ఇంజనీరు, భార్య నుంచి విడిపోయి చాలా కాలమైంది. పదకొండేళ్లుగా అదే విల్లా. ఈ భూమ్మీద ఆయనకు అభిప్రాయం లేని వస్తువు లేదు. ఇక్కడి తమీస్ రొట్టె ప్రపంచంలోకెల్లా గొప్పది, ఇక్కడి డ్రైవింగ్ ప్రపంచంలోకెల్లా ఘోరం. నమాజు వేళకు దుకాణాలు మూసేస్తే మొదటి ఏడాది పళ్లు నూరాడట. తర్వాత "ఆ కాసేపు కారులో ఊరికే కూర్చుంటే బీపీ తగ్గుతుంది, మా దేశంలోనూ పెట్టాలి" అనేవాడు. ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు; ఆదివారం ఆఫీసుకు పోవడం మాత్రం ఒంటికి పట్టలేదు. కొత్తగా దిగిన అమెరికా వాళ్లను కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు: కారులో నీళ్లుండాలి, జేబులో ఇకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, ఉండాలి, పని తెలిసినవాడితో వాదించకూడదు.

ఆ మూడోది ఆయనకు వర్తించదు లెండి.

తండ్రి పోయాక తల్లిని ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఆమె పేరు హెలెన్, ఎనభై నాలుగేళ్లు. "మా దగ్గర ముసలివాళ్లను హోములో పెడతారు, ఇక్కడ నెత్తిన ముద్దు పెడతారు. మా అమ్మకు ఇదే మంచి చోటు లిమ్" అన్నాడు ఒకసారి. నా పేరు ఆయన నోట్లో అంతవరకే పట్టేది.

మార్పిడికి ముందురోజు సర్వేకు వెళ్లాను. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ తిరగేసి చూసి, 230కి పనికిరానిదానికి ఎర్ర స్టిక్కర్ అంటించడమే సర్వే. కాఫీ మెషిన్, టోస్టర్, మిక్సర్, అన్నిటికీ ఎరుపే. ఆయన నా వెనకాలే తిరుగుతూ ప్రతి స్టిక్కర్‌కూ వాదన. "ఈ టోస్టర్ మా నాన్న కొన్నది. దీన్ని ఏదీ చంపలేదు!"

"నేను చంపుతలేను సార్, కరెంటు చంపుతది" అన్నాను, వచ్చిన ఇంగ్లీషులో.

ముసలామె హాల్లో కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. నడుము వెనకాల నీలంరంగు మెత్త ఒకటి. దాని కింద నుంచి సన్నటి వైరు కిందికి జారి ఉంది. చూశాను. చూసి కూడా, ఇంత పెద్దామెను ముందుకు వంగమని ఎలా చెప్పను, ఆమె లేచాక చూద్దాంలే అనుకున్నాను. ఆమె లేవలేదు. నేను మరిచాను.

మర్నాడు పొద్దున ఏడింటికి మెయిన్ ఆపాను. ఆ విల్లాకు ముప్పై రెండు సాకెట్లు. స్టోరు నుంచి లెక్కగా ముప్పై రెండే ఇస్తారు, పని అయ్యేసరికి డబ్బా ఖాళీ కావాలి. పదిన్నరకల్లా వెనక గది తప్ప అన్నీ అయ్యాయి. ఆ గది తలుపు మూసి ఉంది. లోపల ముసలామె. రాత్రంతా నడుం నొప్పితో నిద్రపోలేదట, తెల్లవారాక మాత్ర వేసుకుని పడుకుంది. ఆ తలుపు ముందు రెండుసార్లు నిలబడ్డాను. చెయ్యి ఎత్తాను, దించాను. ఈ దేశంలో మేం నేర్చుకునే మొదటి పాఠం, ఆడమనిషి ఉన్న గది తలుపు మీద చెయ్యి వేయకూడదని. నా రూమ్మేట్ ఒకడు ఏదో ఇంట్లో తెలియక తలుపు తోసినందుకు, నెల తిరక్కుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, పని పీకేసి ఇండియాకు పంపారు. అమెరికా వాళ్లకు ఆ పట్టింపు లేదని నాకు తెలుసు. తొమ్మిదేళ్ల అలవాటుకు తెలియదు కదా.

బాబ్ సార్ ఆఫీసుకు తయారై వచ్చాడు.

"అయిపోయిందా లిమ్?"

"ఒక గది మిగిలింది సార్. అమ్మగారిది."

"దాంట్లో ఏముంది? మంచం, ఒక లైటు. లైటు ఇక్కడ కొన్నదే, రెండు వోల్టేజీలకూ పనిచేస్తుంది. ఆన్ చేసెయ్, లేచాక చీకట్లో తడుముకుంటుంది. సాకెట్లు రేపు వెయ్యి. నా ఇల్లు నాకు తెలుసు."

ఆ గదికి కరెంటిచ్చే స్విచ్, ఆ బ్రేకర్ ఒక్కటి కిందికి దించి ఉంచితే సరిపోయేది. రూలు కూడా అదే. కానీ ఆయన సంతకం కోసం పెన్ను పట్టుకుని నిలబడ్డాడు, ఆఫీసుకు ఆలస్యమవుతోంది. నేను బ్రేకర్ పైకి లేపాను. ఫారంలో గదుల వరుస కిందికి టిక్, టిక్, టిక్ కొట్టుకుంటూ పోయి, వెనక గదికి కూడా కొట్టాను. ఆయన సంతకం పెట్టి, తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

పక్క విల్లాకు పోయి డబ్బా తెరిచాను. అడుగున మూడు కొత్త సాకెట్లు.

వాటిని చూడగానే ఆ మూడు ఎక్కడివో అర్థమైంది. తెలిసిందే కదా, రేపు వేసేవి కదా అనుకుంటూ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, నీలం మెత్త, కింద జారిన వైరు. అది మెత్త కాదు. నడుం నొప్పికి వేడి పెట్టుకునే కరెంటు ప్యాడ్. నిన్న కుర్చీలో ఉన్నది రాత్రి మంచం మీదికి పోయి ఉంటుంది. పొద్దున నేను కరెంటు తీసినప్పుడు చల్లారింది, నేనే 230 ఇచ్చినప్పుడు మళ్లీ రాజుకుంది. పైన మనిషి, మాత్ర వేసుకుని నిద్రలో.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. డబ్బా అక్కడే పడేసి పరుగెత్తాను. బాబ్ సార్‌కు ఫోన్ కొడితే ఎత్తడు. వాళ్లింటి ముందు తలుపుకు తాళం. బ్రేకర్లన్నీ లోపలే. బయట వీధి మలుపులో కరెంటు పెట్టె ఉంది, మేం పిల్లర్ అంటాం, అక్కడి నుంచి మొత్తం విల్లా కరెంటు తీయొచ్చు. దాని తాళంచెవి ఫోర్‌మన్ ఖాదర్ అన్న దగ్గర. ఆయనది కడప, నాకంటే పదేళ్లు ముందొచ్చినవాడు. పిల్లర్ దగ్గరే కనిపించాడు.

"ఏమబ్బా, యాడికి ఉరుకుతాండావ్?"

"అన్నా, పదిహేడుల సాకెట్లు మూడు మిగిలినయ్. ముసలామె లోపల్నే ఉన్నది, కింద హీటింగ్ ప్యాడు. పిల్లర్ బంద్ చెయ్ అన్నా, జల్ది!"

ఆయన ఇంకో మాట అడగలేదు. కరెంటు తీశాడు. ఇద్దరం వెనక గది కిటికీ దగ్గరికి ఉరికాం. కిటికీ సందులోంచి కాలిన గుడ్డ వాసన వచ్చింది. కరెంటు తీస్తే వేడి ఆగుతుంది, అంటుకున్న పరుపు ఆగదు. "అమ్మగారూ! మేడమ్!" అని అద్దం బాదాను. లోపల ఉలుకూ పలుకూ లేదు.

నేను నడుం బెల్టులోని సుత్తి ఎత్తితే ఖాదర్ అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగప్పా. తాళమేసిన ఇల్లు, లోపల ఆడమనిషి ఒక్కతే. అద్దం పగలగొట్టి పోతే మన గతేమి? సెక్యూరిటీని పిల్చుకొద్దాం."

"వాళ్లచ్చేదాంక ఆమె ఉండదన్నా."

చెయ్యి వదిలేశాడు. "పో నాయనా. నేనూ వస్తా, ఏమైనా ఇద్దరికీ."

పక్కనున్న వంటింటి తలుపు అద్దం పగలగొట్టి, గడియ తీసి, లోపలికి పోయాం. వెనక గది తలుపు ముందు కాళ్లు మళ్లీ ఆగాయి. నిజం చెబుతున్నా, ఆ క్షణంలో కూడా ఆగాయి. తర్వాత తోశాను. గది నిండా పలచటి పొగ. ఆమె పక్కకు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి అంచు నల్లబడి, నిప్పు మెల్లగా తింటూ పోతోంది. పోయిందనుకున్నాను. నా చేతులతో ఒక మనిషిని చంపాననుకున్నాను. ఇంటి దగ్గర నా భార్య, నా బిడ్డ, జైలు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఆమెను చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకుని హాల్లోకి తెచ్చాను. ఖాదర్ అన్న ప్యాడునూ దుప్పటినీ బాత్రూంలో పడేసి నీళ్లు వదిలాడు.

నా చేతుల్లో ఆమె దగ్గింది. ఆ దగ్గు విని ఏడ్చేశాను. సిగ్గు లేకుండా, పెద్దగా.

అంబులెన్సు వచ్చింది. సెక్యూరిటీ వాళ్లు మా ఇద్దరి ఇకామాలు తీసుకుని, క్యాబిన్లో కూర్చోబెట్టారు. మూడు గంటలు. ఖాదర్ అన్న గోడకు ఆనుకుని దువా చదువుతూ, మధ్యలో నా వైపు చూసి, "మొహమాటానికి పోతే ఏమవుతాదో సామెత ఉండాదిలే, ఇప్పుడు చెప్పను" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఎదురుగా టేబుల్ మీద నా ఫారం ఉంది. దాని మీద నా టిక్.

మేనేజర్‌తో కలిసి బాబ్ సార్ వచ్చాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. ఫారం నా ముందు పెట్టి వేలితో పొడిచాడు.

"ఈ టిక్కుకు అర్థమేంటి?"

ఆయనే చెయ్యమన్నాడని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నా కలం, నా చెయ్యి. "చూడకుండ కొట్టిన సార్. తప్పు నాది" అన్నాను.

ఆయన ఫారం తీసుకుని తన సంతకం చూసుకున్నాడు. తర్వాత మేనేజర్ వైపు తిరిగాడు. "గది మిగిలిందని ఇతను నాకు చెప్పాడు. ఆన్ చెయ్యమన్నది నేను. 'ఆన్ చెయ్యమన్నది నువ్వే కదా' అని అమ్మ ఆసుపత్రిలో మొదట నన్నే అడిగింది. మత్తులో ఉన్నా మా మాటలు ఆమెకు వినిపించాయి. రిపోర్టులో నా పేరు కూడా రాయండి."

ఆమెకు తుంటి మీద అరచెయ్యంత కాలింది. ప్రాణానికి భయం లేదన్నారు. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు, ఎగ్జిట్ కొట్టలేదు. మా ఇద్దరి ఇకామాలూ తిరిగి ఇచ్చేశారు.

ఆ రోజు నుంచి నేను చూడని గదికి టిక్ లేదు, కరెంటు లేదు. ఫారంలో 'చూడలేదు' అని రాస్తాను. యజమాని ఎంత పెద్దవాడైనా, ఎంత తొందరలో ఉన్నా, ఆ ఒక్క బ్రేకర్ కిందనే ఉంటుంది. విల్లా ఇరవై నాలుగులో జోర్డాన్ కుటుంబం, ఇల్లాలు గదిలో ఉంది. ఆమె వేరే గదిలోకి వెళ్లేదాకా గంటసేపు మెట్ల మీద కూర్చున్నాను. ఇంటాయన విసుక్కున్నాడు. విసుక్కోనీ. మర్యాద అంటే తలుపు తెరవకపోవడమని తొమ్మిదేళ్లు అనుకున్నాను. అడగకుండా వెళ్లిపోవడానికి కూడా అదే పేరు పెట్టుకున్నానని ఆ ముసలామె వల్ల తెలిసింది.

వారం తర్వాత ఆమె ఇంటికి వచ్చింది. ఆ మూడు సాకెట్లు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. తీసుకుని వెళ్లాను. వెనక గది తలుపు మళ్లీ మూసి ఉంది. చెయ్యి ఎత్తాను. ఈసారి దించలేదు, రెండుసార్లు కొట్టాను.

"రా బాబూ" అంది లోపలి నుంచి, వెంటనే. తలుపు తీస్తే దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. నా చేతిలోని డబ్బా వైపు చూసి మెల్లగా అంది. "ఆ రోజు కూడా తలుపు బయట నీ అడుగులు వినిపించాయి. రెండుసార్లు వచ్చావు. కొడితే రమ్మనేదాన్ని కదా."